అత్తమామలతో రెవెల్‌స్టోక్

కెనడాలోని కాల్గరీ తెలుగు కుటుంబాలకు వేసవి ప్రయాణమంటే బాన్ఫ్. స్వదేశం నుంచి తల్లిదండ్రులో అత్తమామలో వస్తే లేక్ లూయీజ్ ఒడ్డున నిలబెట్టి ఫొటోలు తీసి, చీకటి పడేలోపు ఇల్లు చేరుతాం. ఇంకాస్త ఓపిక ఉన్నవారు వాంకూవర్ వరకూ కారులో వెళ్తారు. వాళ్లకు దారిలో రెవెల్‌స్టోక్ తగులుతుంది. పెట్రోలు పోయించుకుని, కాఫీ తాగి కదిలిపోతారు. ఆ ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఉండాలని, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు బాన్ఫ్ కంటే అక్కడే ఎక్కువ సుఖమని నేను చాలామందికి చెబుతుంటాను. ఆగస్టులో అత్తయ్య, మామయ్య, పిల్లలతో వెళ్లి వచ్చాక ఆ మాట మరింత గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

రెవెల్‌స్టోక్ బ్రిటిష్ కొలంబియాలో, కొలంబియా నది ఒడ్డున ఉంది. తూర్పున సెల్‌కర్క్ పర్వతాలు, పడమట మొనాషీ పర్వతాలు. 2021 జనాభా లెక్కల్లో ఎనిమిది వేల పైచిలుకు మంది ఉన్న చిన్న నగరం. కాల్గరీ నుంచి ట్రాన్స్-కెనడా హైవే మీద సుమారు 410 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే ఐదు గంటల్లోపే చేరవచ్చు గానీ ఆ దారిలో ఆగకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. దారిలో వచ్చే గోల్డెన్ అనే ఊరి నుంచి రెవెల్‌స్టోక్‌కు ఉన్న 148 కిలోమీటర్లలో చాలా చోట్ల ఫోను సిగ్నలు ఉండదు, మధ్యలో రోజర్స్ పాస్ దగ్గర పెట్రోలు దొరకదు. గోల్డెన్‌లోనే ట్యాంకు నింపుకుని, మ్యాపును ఫోనులోకి దించుకుని బయలుదేరాలి. వేసవిలో రెవెల్‌స్టోక్ సమయం కాల్గరీ కంటే గంట వెనక ఉంటుంది. పోయేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు పోతుంది.

రోజర్స్ పాస్‌ను కిటికీలోంచి చూసి వదిలేయకండి. 1,330 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కనుమ గ్లేషియర్ జాతీయ వనంలో ఉంది. 1880లలో రైలు దారి ఈ కనుమ గుండానే వేశారు. 1910 మార్చి 4న, కూలిపడిన మంచును పట్టాల మీద నుంచి తొలగిస్తున్న కార్మికుల మీద రెండో మంచుచరియ విరుచుకుపడింది. 58 మంది చనిపోయారు. వారిలో 32 మంది జపాన్ నుంచి పొట్టకూటికి వచ్చినవారు. ఆ తర్వాత కొండ కింద నుంచి ఎనిమిది కిలోమీటర్ల కానాట్ సొరంగం తవ్వి, 1916 నుంచి రైళ్లను అటు మళ్లించారు. హైవే మాత్రం 1962లో మళ్లీ కనుమ మీదుగానే వచ్చింది. ఇప్పటికీ చలికాలంలో కెనడా సైన్యం ఫిరంగులు పేల్చి, మంచుచరియలు పెద్దవి కాకముందే కిందికి దింపుతుంది. ఇదంతా అక్కడి సందర్శకుల కేంద్రంలో బొమ్మలతో, నమూనాలతో చక్కగా వివరించారు. రైళ్లను మంచు నుంచి కాపాడేందుకు కట్టిన పాత కర్రషెడ్ల ఆకారంలోనే ఆ భవనాన్ని కట్టారు. మామయ్య రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ 32 మంది సంగతి చదివి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

ఇక అసలు విషయం మౌంట్ రెవెల్‌స్టోక్ జాతీయ వనం. పార్కు 1914లో ఏర్పడింది, కొండ ఎక్కే రోడ్డు పని 1911లోనే మొదలై 1927లో పూర్తయింది. ఊరి శివార్లలో మొదలయ్యే ఆ 26 కిలోమీటర్ల రోడ్డు దాదాపు శిఖరం దాకా తీసుకుపోతుంది. మోకాళ్లు నొప్పులున్న మనిషిని పర్వతశిఖరం మీది పూలవనంలోకి కారులో తీసుకువెళ్లే అవకాశం రాకీల చుట్టుపక్కల చాలా అరుదు. కింద దేవదారులు, హెమ్లాక్ చెట్లతో చిక్కటి అడవి. మలుపులు తిరుగుతూ పైకి పోతుంటే చెట్లు సన్నబడి, పొట్టివై, చివరికి గుంపులు గుంపులుగా మాత్రమే మిగులుతాయి. వాటి మధ్యంతా పచ్చిక. బాల్సమ్ సరస్సు దగ్గర కారు ఆపేయాలి. చివరి కిలోమీటరుకు పార్కు వాళ్ల షటిల్ బండి ఉంది, ఓపిక ఉన్నవారు నడిచి ఎక్కవచ్చు.

మేము వెళ్లేసరికి పూలు నిండుగా ఉన్నాయి. నీలం లూపిన్, ఎర్రటి పెయింట్‌బ్రష్, తెల్లటి వలేరియన్, పసుపుపచ్చ ఆర్నికా. బాట పక్కన వంగి చూస్తే పెయింట్‌బ్రష్‌లో ఎర్రగా కనిపించేవి రేకులు కావు, పువ్వును చుట్టుకున్న ఆకులు. అసలు పువ్వు లోపల సన్నగా, ఆకుపచ్చగా దాక్కుని ఉంది. అత్తయ్య వాటినే పరీక్షగా చూస్తూ కూర్చున్నారు.

"ఇన్ని పూలున్నాయి, దేవుడికి నాలుగు కోసుకుందామా అమ్మా?"

"కోయకూడదు అత్తయ్యా, పార్కులో ఆకు కూడా తెంపకూడదట."

"అయితే ఇక్కడే దండం పెట్టుకుంటాను" అని చేతులు జోడించారు.

ఆ పైన మంచు కరిగి నేల కనిపించే కాలం చాలా తక్కువ. రోడ్డు చివరిదాకా తెరిచేది సాధారణంగా జులై మొదట్లో. పూలు బాగా ఉండేది ఆగస్టు మొదటి రెండు వారాల్లో. పచ్చిక మీద అడుగు వేస్తే ఆ మొక్క తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి పిల్లలకు బాట దిగవద్దని ముందే చెప్పి తీసుకువెళ్లండి. దోమల మందు తప్పనిసరి. బాగా నడిచేవారికి శిఖరం నుంచి ఈవా సరస్సు, మిల్లర్ సరస్సుల వైపు దారి ఉంది. మా ఆయన పొద్దున్నే ఒక్కడే వెళ్లి వచ్చి, ఈ ప్రయాణం మొత్తంలో తనకు మిగిలేది అదే అన్నారు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక గుంపుగా వెళ్లడం, వాటిని తరిమే స్ప్రే వెంట ఉంచుకోవడం మంచిది.

దిగేటప్పుడు నెల్స్ నెల్సన్ కొండ దగ్గర ఆగాం. నార్వే నుంచి వలస వచ్చినవారు ఇక్కడ స్కీ జంపింగ్ మొదలుపెట్టారు. 1925లో నెల్స్ నెల్సన్ ఈ కొండ మీద నుంచి 240 అడుగులు దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంతకు మూడేళ్ల ముందే ఇజబెల్ కోర్సియర్ అనే అమ్మాయి మహిళల్లో రికార్డు సాధించింది. పైనుంచి కిందికి చూస్తే కాళ్లు వణుకుతాయి. మా అమ్మాయికి ఇజబెల్ కథ బాగా పట్టేసింది.

అదే పార్కులో హైవే పక్కన, ఊరికి తూర్పున 30 కిలోమీటర్ల దూరంలో జయంట్ సెడార్స్ చెక్కబాట ఉంది. అర కిలోమీటరు నడక, 500 ఏళ్లు దాటిన దేవదారులు. సముద్రానికి ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో వర్షారణ్యం ఉండటమే వింత. పడమటి నుంచి వచ్చే తేమగాలులు ఈ కొండలకు తగిలి వానగా, మంచుగా రాలడం వల్ల ఇది సాధ్యమైంది. అయితే ఆ బాటలో మెట్లున్నాయి. అత్తయ్య సగం నుంచి వెనక్కి వచ్చేశారు. మెట్లు ఎక్కలేనివారు గ్లేషియర్ పార్కులోని హెమ్లాక్ గ్రోవ్ చెక్కబాటకు వెళ్లడం మేలు. చక్రాల కుర్చీ కూడా వెళ్లేలా దాన్ని కట్టారు.

రైల్వే మ్యూజియం ఊరి మధ్యలోనే, నడుస్తున్న రైలు పట్టాల పక్కనే ఉంది. రెవెల్‌స్టోక్ పుట్టిందే రైలు కోసం. 1885లో కెనడియన్ పసిఫిక్ రైల్వేకు డబ్బులు అయిపోయి పని ఆగిపోయే స్థితి వస్తే, లండన్‌లోని బేరింగ్స్ బ్యాంకు బాండ్లు కొని గట్టెక్కించింది. ఆ బ్యాంకు అధిపతి లార్డ్ రెవెల్‌స్టోక్ పేరే ఊరికి పెట్టారు. మ్యూజియంలో పెద్ద ఆకర్షణ 5468 నంబరు బొగ్గుకాలపు ఇంజను. మామయ్య దాని చుట్టూ ఒక్కొక్క చక్రమే లెక్కపెట్టుకుంటూ తిరిగారు. ముందు రెండు చిన్నవి, తర్వాత ఎనిమిది పెద్దవి, వెనక మళ్లీ రెండు చిన్నవి.

"ఇది మన రైల్వేలో గూడ్సు బండ్లు లాగిన డబ్ల్యూజీ ఇంజనేనమ్మా. చక్రాల లెక్క అచ్చంగా అదే. ఈ రకాన్ని వీళ్లూ మికాడో అనే అంటారు."

"మీరు అలాంటి దాని మీద పనిచేశారా మామయ్యా?"

"కాజీపేటలో ఫైర్‌మన్‌గా చేరింది దాని మీదే. ఒంటి నిండా బొగ్గు. మీ అత్తయ్య గుమ్మంలోనే ఆపేసి, స్నానం చేసి రమ్మనేది."

పెద్ద చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ మీద చెయ్యి వేసి, ఎక్కడెక్కడ నూనె పోయాలో మనవడికి చూపించారు. ఫలకాల మీద ఉన్నది ఇంగ్లిషులో, వాడికి అర్థమైంది తాతయ్య తెలుగులో. టికెట్టుకు ఇచ్చిన ప్రతి డాలరూ అక్కడే వసూలైంది. రైళ్ల మీద ఆసక్తి ఉన్నవారు పడమరగా 45 కిలోమీటర్ల దూరంలోని క్రెయిగెలాకీ కూడా చూడాలి. 1885 నవంబరు 7న దేశం అడ్డంగా వేసిన పట్టాలకు చివరి మేకు కొట్టింది అక్కడే. హైవే పక్కనే ఉంది, రుసుము లేదు, పది నిమిషాల పని.

అదే దారిలో ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ వస్తుంది. పాత దేవదారు అడవిలో జానపద కథల బొమ్మలు 350కి పైగా పెట్టి, 1960లో తెరిచిన చోటు. పదేళ్ల లోపు పిల్లలుంటే తప్పక వెళ్లండి, పెద్ద పిల్లలకు అక్కర్లేదు. పెద్ద పిల్లలకు సరిపోయేది రెవెల్‌స్టోక్ మౌంటెన్ రిసార్ట్‌లోని పైప్ కోస్టర్. గొండోలా అనే తీగబండిలో పైకి వెళ్లి, 1.4 కిలోమీటర్ల పట్టా మీద చిన్న బండిలో దిగిరావడం. వేగం గంటకు 42 కిలోమీటర్ల దాకా వస్తుంది, బ్రేకు మన చేతిలోనే ఉంటుంది. కుటుంబమంతా ఎక్కితే ఖర్చు ఎక్కువ. పిల్లలకు మాత్రం టికెట్లు కొని, మేము కింద కూర్చున్నాం. చలికాలంలో ఇదే కొండ ఉత్తర అమెరికాలోకెల్లా ఎక్కువ ఎత్తు, అంటే 1,713 మీటర్లు, దిగగలిగే స్కీ కొండ.

ఊరికి ఉత్తరాన రెవెల్‌స్టోక్ ఆనకట్ట ఉంది. 1984లో పూర్తయిన 175 మీటర్ల కట్టడం. దూరం నుంచి చూసి వచ్చాం. నదికి దిగువన యారో (Arrow) అనే సరస్సుల లోయలో మరో ఆనకట్ట వల్ల 1960లలో 2,000 మందికి పైగా ఊళ్లు విడిచిపోయారు. శ్రీశైలం ముంపు కథలు వింటూ పెరిగినదాన్ని కనుక, ఆ నిశ్చలమైన నీళ్లను చూస్తే కేవలం అందం అనిపించలేదు.

బస గురించి కాస్త వివరంగా చెప్పాలి. హైవే పక్క మోటళ్లు చవక. కొన్నింటిలో వంటగది ఉన్న గదులుంటాయి, కానీ పై అంతస్తుకు లిఫ్టు ఉండదు. ఊరి మధ్యలోని బసలకు గ్రిజ్లీ ప్లాజా, మెకెంజీ వీధి నడక దూరం, కానీ వంటకు వీలు తక్కువ. రిసార్టు దగ్గరి ఫ్లాట్లు విశాలంగా, పూర్తి వంటగదితో ఉంటాయి గానీ ప్రతిదానికీ కారు తీయాలి. గుడారం వేసుకునేవారికి కొండ కిందే పార్కు వాళ్ల స్నోఫారెస్ట్ శిబిరం ఉంది. మేము వంటగది కోసం మోటల్ తీసుకున్నాం. కింది అంతస్తు గది కావాలని ముందే చెప్పి ఒప్పించినా, వెళ్లేసరికి మేడ మీద ఇచ్చారు. అత్తయ్య మోకాళ్ల సంగతి చెప్పినా ఆ రాత్రికి కదలలేదు, మర్నాడు మార్చారు. పెద్దవాళ్లుంటే ఈ విషయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. పట్టాలకు దగ్గరైతే రాత్రంతా గూడ్సు బండ్ల చప్పుడు వినిపిస్తుంది. మామయ్య హాయిగా నిద్రపోయారు, అత్తయ్యకు చెవుల్లో దూది పెట్టుకుంటే గానీ కునుకు పట్టలేదు.

భోజనానికి రైస్ కుక్కర్, పప్పులు, ఆవకాయ, చారుపొడి తీసుకువెళ్లాం. కూరగాయలు, పెరుగు ఊళ్లోని దుకాణాల్లో దొరుకుతాయి. తినగా మిగిలినవి బయట వదలకండి, ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి. మనుషుల తిండికి అలవాటుపడ్డ ఎలుగును చివరికి చంపేస్తారు, ఆ పాపం మనకెందుకు? సాయంత్రాలు గ్రిజ్లీ ప్లాజాలో గడిచాయి. జులై, ఆగస్టుల్లో అక్కడ ఉచితంగా పాటకచేరీలు జరుగుతాయి. కుర్చీలో కూర్చుని వినవచ్చు, పిల్లలు గంతులేయవచ్చు. పగలు ఎండగా ఉంటే దక్షిణాన 25 కిలోమీటర్ల దూరంలోని బ్లాంకెట్ క్రీక్ మంచి చోటు. ఈతకు లోతు తక్కువైన మడుగు, దగ్గరలోనే సదర్లండ్ జలపాతం. విలియమ్సన్ సరస్సు ఇంకా దగ్గర.

ఆగస్టులో కార్చిచ్చుల పొగ కమ్మితే ఏ కొండా కనిపించదు. కాబట్టి గది బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి, బయలుదేరే ముందు రోడ్డు పరిస్థితి కూడా చూసుకోండి. కొండ స్పష్టంగా కనిపించే పొద్దు దొరికితే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు శిఖరానికే వెళ్లండి. ఇంకో రోజు చేతిలో ఉంటే దక్షిణాన షెల్టర్ బే నుంచి గలీనా బేకు కారుతో సహా ఎక్కించుకునే పడవ ఉంది. రూపాయి ఖర్చు లేదు, దాదాపు ఇరవై నిమిషాల ప్రయాణం. అవతలి ఒడ్డున హాల్సియన్ వేడినీటి బుగ్గలు. మోకాళ్ల నొప్పులవాళ్లకు అంతకంటే మంచి మందు ఆ చుట్టుపక్కల లేదు.