103 అశ్వశక్తితో మన్యం కొండల్లో: జిమ్నీలో అరకు, పాడేరు, లంబసింగి

మారుతి వారి జిమ్నీ కొన్న నాటి నుంచి నన్ను అడిగినవారందరూ మైలేజీ తర్వాత అడిగిన రెండో మాట "ఇంత చిన్న ఇంజను కొండలెక్కుతుందా అండీ" అన్నదే. ఆ అనుమానాన్ని తీసిపారేయడానికి లేదు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, లోపలికి గాలిని బలంగా తోసే టర్బో లేదు, 6000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 103 అశ్వశక్తి, 4000 దగ్గర 134 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం. అంతకు ముందు ఎర్టిగా, సియాజ్ వంటి కుటుంబ కార్లలో ఊళ్లు తిరిగిన ఇంజనునే తెచ్చి, నిచ్చెన ఆకారపు ఛాసిస్ (అడుగు చట్రం), ముందూ వెనకా దృఢమైన ఇరుసులు, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండికి అమర్చి, 2023 జూన్‌లో అయిదు తలుపుల రూపంలో మన మార్కెట్లోకి వదిలారు. పక్కనే మహీంద్రా వారి 130 అశ్వశక్తి డీజిల్ థార్, 150 అశ్వశక్తి పెట్రోలు థార్ నిలబడి ఉండగా ఎవరికైనా సందేహం రావడం సహజం. నాకూ ఉంది. దాన్ని తీర్చుకోవడానికే కార్తీకం మొదటి వారంలో నలుగురం రాజమహేంద్రవరంలో బయలుదేరి, అరకు, పాడేరు, లంబసింగి చూసుకొని నర్సీపట్నం మీదుగా తిరిగి వచ్చాం. బండిలో నేను, మా ఆవిడ, పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పే మా బావమరిది, ఇంజనీరింగ్ చదువుతున్న అతని కొడుకు ఉన్నాం. మా మేనల్లుడికి మూడు వందల టార్కు లేనిది బండి కాదని గట్టి నమ్మకం.

అసలు మొదటి ఇబ్బంది ఇంజనుతో కాదు, సామానుతో వచ్చింది. వెనక సీట్లు నిలిపి ఉంచితే డిక్కీలో 208 లీటర్ల చోటే ఉంటుంది. రెండు పెట్టెలు, ఒక సంచి పట్టేసరికి నిండిపోయింది. దుప్పట్ల మూట నాలుగు రోజులూ మా బావమరిది ఒళ్లోనే ప్రయాణం చేసింది. నలుగురితో చలికాలం యాత్రకు వెళ్లదలచినవారు ఇంజను గురించి ఆలోచించే ముందు పైన క్యారియర్ గురించి ఆలోచించడం మంచిది.

జాతీయ రహదారి మీద చెప్పుకోవలసినది కొంచెమే. అయిదే గేర్లు కావడం వల్ల గంటకు వంద కిలోమీటర్ల దగ్గర ఆర్‌పీఎం ముల్లు మూడు వేలు దాటి నిలబడుతుంది, పెట్టెలాంటి ఆకారం కనుక గాలి హోరు వినిపిస్తూనే ఉంటుంది. ఎనభై, తొంభై మధ్య పెట్టుకుంటే బండీ మనమూ ప్రశాంతంగా ఉంటాం. అనకాపల్లి దాటాక నగరంలోకి వెళ్లకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా శృంగవరపుకోట చేరి, అక్కడ ట్యాంకు నింపాం. ట్యాంకు నలభై లీటర్లే. అరకు, పాడేరు, చింతపల్లిలో బంకులున్నాయి కాబట్టి భయం లేదు గానీ, కొండ మీద తిరిగేటప్పుడు సగానికి తగ్గకుండా చూసుకోవడం నా అలవాటు.

ఘాట్ మొదలైన తర్వాత, టైడా దాటిన కాసేపటికి, మాకు ముందు ఆర్టీసీ బస్సు పడింది. బండి మూడో గేరులో, ముల్లు రెండు వేల దగ్గర, వేగం నలభై. ఎదుట దారి ఖాళీగా కనిపించిన చోట యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. శబ్దం పెరిగింది కానీ బండి పెరగలేదు. వెనక నుంచి మేనల్లుడు "మావయ్యా, బస్సు వాళ్లు టికెట్ అడుగుతారేమో" అన్నాడు. వెనక్కి తగ్గి, తర్వాతి మలుపు దాటాక ఏసీ ఆపి, రెండో గేరు వేసి, ముల్లు నాలుగు వేలు చేరేదాకా ఆగి తొక్కితే బస్సును హాయిగా దాటిపోయింది. ఈ రెండు ప్రయత్నాల మధ్య తేడాయే ఈ ఇంజను స్వభావమంతా అని చెప్పవచ్చు. టర్బో డీజిల్ థార్‌కు 1600 ఆర్‌పీఎం దగ్గరే 300 న్యూటన్ మీటర్లు చేతికందుతాయి, గేరు మార్చే పని తక్కువ. ఇక్కడ శక్తి పై అంతస్తులో ఉంటుంది, ప్రతిసారీ మెట్లెక్కి తెచ్చుకోవాలి.

ఆ రాత్రి అరకులో మా బావమరిది కాగితం మీద లెక్క వేశాడు. బండి బరువు సుమారు 1200 కిలోలు, మనుషులం 280, సామాను 60, వెరసి 1540 కిలోలు. నూరడుగులకు ఎనిమిది అడుగులు లేచే ఘాట్ మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోవడానికి ఆ ఎత్తు కోసం ఖర్చయ్యేది 18 అశ్వశక్తి మాత్రమే. అదే ఎత్తు మీద అయిదు సెకండ్లలో నలభై నుంచి అరవైకి చేరి బస్సును దాటాలంటే అరవై దాకా కావాలి. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజను ఇవ్వగలిగింది ముప్పై, ముప్పై అయిదుకు మించదు, నాలుగు వేల దగ్గరైతే డెబ్బై అయిదు వరకు వస్తుంది. ఇక నూరడుగులకు ముప్పై అడుగులు లేచే మట్టిదారిలో ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పాకడానికి కావలసినది పదమూడే. "బావగారూ, మీ బండికి కష్టం అడవిలో కాదు, బస్సు వెనకాల" అని కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

ఆ మాటను నమ్మడానికి ఆ రోజు మధ్యాహ్నమే ఒక సాక్ష్యం దొరికి ఉంది. బొర్రా గుహలు చూసుకొని (మెట్లు తడిగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు తొందరపడకూడదు) కటికి జలపాతానికి బయలుదేరాం. సొంత బండి ఉన్నా అక్కడి జీపు మాట్లాడుకున్నాం. ఆ దారి వాళ్ల జీవనాధారం కావడం ఒక కారణమైతే, ఆ రాళ్ల మీద మొదటిసారే సొంత బండిని దింపడానికి నాకు ధైర్యం చాలకపోవడం రెండో కారణం. అది ఎన్నేళ్లదో చెప్పలేనంత పాత మహీంద్రా డీజిల్ జీపు, వెనక చక్రాలకు మాత్రమే శక్తి, లోపల మేము నలుగురం కాక మరో కుటుంబం. డ్రైవరు ఒక్కసారి కూడా ఇంజనును అరిపించలేదు. పెద్ద రాయి వచ్చినప్పుడు ముందు చక్రాన్ని దాని పక్కగా కాకుండా సరిగ్గా దాని నెత్తి మీదకే ఎక్కించి, మొదటి గేరులో నడక వేగంతో దింపుతున్నాడు. నేను అతని పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా పూర్తిగా వదలడమూ లేదు. ధర మాత్రం ఎక్కే ముందే, రానూపోనూ కలిపి, తేల్చుకోవాలి. జలపాతం దగ్గర కట్టెల పొయ్యి మీద తెచ్చిచ్చిన బొంగు చికెన్ రోడ్డు పక్క దొరికేదాని కంటే మెరుగ్గా ఉంది.

అరకులో బస పర్యాటక శాఖ వారి హరిత రిసార్టులో. గది సాదాగా, శుభ్రంగా ఉంది, బండి పెట్టుకోవడానికి విశాలమైన చోటు ఉంది. నిద్రకు అంతకన్నా ఏం కావాలి. మర్నాడు చాపరాయి దగ్గర కాసేపు ఆగి, డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరు చేరాం. పాడేరులో దిగిన లాడ్జి గురించి మంచి మాట చెప్పలేను. ఫోనులో వేడినీళ్లు ఉన్నాయన్నవారు, వెళ్లాక బకెట్‌కు విడిగా డబ్బు అడిగారు. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరతామని ముందే చెప్పినా గేటు తాళం తీసే మనిషి కోసం ఇరవై నిమిషాలు చలిలో నిలబడ్డాం. సూర్యోదయం చూడటానికి వంజంగి కొండకు వెళ్లేవారికి ఆ ఇరవై నిమిషాలే ముఖ్యం.

ఎందుకంటే వంజంగి దారి చీకట్లోనే నిండిపోతుంది. బండ్లు ఆపే చోటు వాలుగా, మంచుకు తడిసిన ఎర్రమట్టితో ఉంది. మా ముందు రెండు చిన్న కార్లు అక్కడ ఇరుక్కుపోయి చక్రాలు తిప్పుతున్నాయి, క్లచ్ కాలిన వాసన చీకట్లో ముందుగా ముక్కుకు తగిలింది. ఆ కార్ల ఇంజన్లు మా దానికంటే మరీ చిన్నవేమీ కావు. నేను ఫోర్ హెచ్‌లో (నాలుగు చక్రాలకూ మామూలు వేగంతో శక్తి) పెట్టి మొదటి గేరులో కదిలించాను, బండి ఏమీ జరగనట్టు వెళ్లి మూలన నిలబడింది. అక్కడి నుంచి పైకి నడక. మేఘాల సముద్రం మీద సూర్యోదయం గురించి అందరూ చెప్పినదంతా నిజమే, దానితో పాటు కాళ్ల కింద నలిగే ప్లాస్టిక్ కప్పుల గురించి కూడా చెప్పి ఉంటే బాగుండేది. శని, ఆదివారాల్లో వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

నా సందేహం పూర్తిగా తీరింది మూడో రోజు సాయంత్రం, జి.మాడుగుల దాటాక మేము బస చేసిన కాఫీ తోట దారిలో. తారురోడ్డు నుంచి తోట మూడు కిలోమీటర్లు. సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, మధ్యలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు లోతైన గాళ్లు పడిన ఎర్రమట్టి దారి. ముందు రోజు వాన పడింది. పిక్కలు తడిసేంత నీళ్లున్న ఒక వాగు దాటాక దారి ఒక్కసారిగా పైకి లేచి, అక్కడే కుడివైపుకు తిరిగింది. ఆ మలుపులో ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం రెండూ గాడిలో వేలాడి బండి ఆగిపోయింది.

నేను మొదట చేసినది అందరూ చేసేదే, అంటే యాక్సిలరేటర్ తొక్కడం. చక్రాలు గిర్రున తిరిగి బురదను అద్దాల దాకా చిమ్మాయి, బండి ఒక జానెడు పక్కకు జారింది. రెండోసారి ఇంకా గట్టిగా తొక్కితే ఇంకో జానెడు. మా ఆవిడ దిగిపోయింది. మేనల్లుడు "చెప్పానుగా, పవర్ లేదు" అన్నాడు. వాళ్ల నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాన్ని చూపిస్తూ, "పవర్ లేకపోతే ఆ చక్రం అంత వేగంగా ఎలా తిరుగుతోందిరా" అని అడిగాడు. నాలుగు రోజుల్లో నేను విన్న అన్ని మాటల్లోకీ సరైనది అదే. చక్రం జారి తిరుగుతోందంటే ఇంజను దగ్గర శక్తి మిగిలిపోతోందనే అర్థం. దాన్ని నేలకు దించే పట్టే కరవైంది. కంపెనీ టైర్లు రోడ్డు కోసం చేసినవి, వాటి గీతల్లో ఎర్రమట్టి నిండి గుండ్రాయిలా నున్నగా అయిపోయాయి.

తోట యజమాని కొడుకు మోటార్‌సైకిల్ మీద వచ్చి, మమ్మల్ని చూసి నవ్వకుండా, "గాలి తగ్గించండి సార్" అన్నాడు. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడిని 26 పీఎస్‌ఐ నుంచి 18కి దించాం. గాడిలో రెండు రాళ్లు పడేశాం. గేరు మార్చే మీట పక్కనున్న చిన్న మీటను ఫోర్ ఎల్‌లోకి (నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ బలం) లాగాను. అందులో గేరు నిష్పత్తి రెట్టింపవుతుంది కనుక, చక్రం సగం వేగంతో తిరుగుతూ రెట్టింపు బలంతో తోస్తుంది. 134 ఉన్న టార్కు చక్రం దగ్గర 268 పెట్టినట్టే పనిచేస్తుంది. కాలు దాదాపు పెడల్ మీద ఆనించీ ఆనించకుండా ఉంచి, రెండో గేరులో క్లచ్ వదిలాను. గాలిలో వేలాడుతున్న చక్రానికి బండే బ్రేకు పట్టి నేల మీదున్న చక్రానికి శక్తి మళ్లిస్తుంటే టకటకమని శబ్దం వినిపించింది. ముల్లు రెండు వేలు దాటలేదు. బండి పాకుతూ ఎక్కిపోయింది. కటికి జీపు డ్రైవరు పాదం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

బరువు కూడా ఇక్కడ మా పక్షాన పనిచేసింది. థార్ వంటి బండి దీనికన్నా అయిదు వందల కిలోలకు పైగా ఎక్కువ తూగుతుంది. ఆ బురదలో అంత బరువు మరింత లోతుకు దిగి ఉండేది. 1985లో వచ్చిన జిప్సీకి 970 సీసీ ఇంజను, 45 అశ్వశక్తి మాత్రమే. సైన్యమూ అటవీ శాఖా దాన్ని ఏళ్ల తరబడి ఎక్కడెక్కడ తిప్పాయో అందరికీ తెలుసు. అయితే ఈ వాదనను అన్ని చోట్లకూ లాగకూడదు. మెత్తటి ఇసుకలో వేగం పడిపోకుండా నెట్టుకుపోవాలి, అక్కడ చిన్న ఇంజను త్వరగా అలసిపోతుంది. టర్బో లేని ఇంజనుకు ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు పదోవంతు బలం తగ్గుతుంది. మన మన్యంలో 103లో 93 మిగులుతాయి, కానీ లడఖ్ కనుమల్లో సగానికి దగ్గరగా పోతుంది. ఏటా అటు వెళ్లేవారు టర్బో ఉన్న బండి కొనుక్కోవడమే సబబు.

కాఫీ తోటలో బస ఈ యాత్రలో అన్నిటికంటే మంచిది. రెండే గదులు, సిగ్నల్ లేదు, కట్టెల పొయ్యి మీద కాచిన వేడినీళ్లు అడగకుండానే వచ్చాయి. రాత్రి రాగి సంకటి, నాటుకోడి కూర, పొద్దున్నే తోటలోనే వేయించిన కాఫీ గింజల వాసన. మామూలు కార్లలో వచ్చేవారిని తారురోడ్డు దగ్గర నుంచి ట్రాక్టరులో తెస్తారు కాబట్టి, ఈ బస కోసం ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి కాదు.

నాలుగో రోజు తాజంగి జలాశయం పక్కగా లంబసింగి చేరేసరికి మంచు విడిపోయింది, స్ట్రాబెర్రీ మొక్కలు ఇంకా చిన్నవి. చలి కోసం వెళ్లేవారు డిసెంబరు, జనవరిలో వెళ్లాలి. నర్సీపట్నం వైపు దిగే ఘాట్‌లో రెండో గేరు వేసి ఇంజనుతోనే ఆపుకుంటూ వచ్చాను, బ్రేకులు వేడెక్కలేదు. తుని దగ్గర రహదారి ఎక్కాక లెక్క చూస్తే లీటరుకు పదమూడు కిలోమీటర్లు వచ్చింది. కంపెనీ చెప్పే 16.94తో పోలిస్తే తక్కువే, నలుగురితో ఘాట్‌లు ఎక్కినందుకు ఎక్కువే.

ఇంటికి చేరిన వారానికి టైర్ల దుకాణానికి వెళ్లి మట్టిదారికీ రోడ్డుకీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్ల ధర అడిగాను. అవి బరువెక్కువ, పికప్ ఇంకాస్త తగ్గుతుంది, మైలేజీలో ఒక కిలోమీటరు పోతుందని దుకాణదారు ముందే హెచ్చరించాడు. బస్సుల వెనక ఇంకొంచెం ఓపిక పట్టాల్సి వస్తుందన్నమాట. అయినా నాలుగూ వేయించేశాను.