తెలివైన పిల్లాడు, చదవడమే కష్టం: పెద్ద స్కూలా, చిన్న స్కూలా?

మావాడికి తొమ్మిదేళ్లు, నాలుగో క్లాసు. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి బెంగళూరుకి ఎలా ఎక్కుతాయో, మధ్యలో మూడు చోట్ల పంపులు పెట్టి ఎందుకు తోస్తారో అన్నం తింటూ కంచంలో సాంబారుతో గీసి మరీ చెప్తాడు, అదే ప్రశ్న పేపర్లో వస్తే నాలుగు ముక్కలు రాసి ఆపేస్తాడు, వాటిల్లోనూ బీ రాయాల్సిన చోట డీ. పోయినేడు డిస్లెక్సియా అని తేలింది, అంటే తెలివితో సంబంధం లేకుండా చదవడం, రాయడం కష్టమవడం. అత్తమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "వాళ్ల నాన్నా ఇంతే, అదే వస్తుందిలే" అంటారు. మేమూ రెండేళ్లు అలాగే అనుకుని ఊరుకున్నాం, రాలేదు.

బెంగళూరులో మేముండే మారతహళ్లి చుట్టూ తిరిగి తిరిగి రెండు స్కూళ్ల దగ్గర ఆగాం. ఒకటి పెద్ద సీబీఎస్ఈ స్కూలు, క్లాసుకి 38 మంది, మంచి ల్యాబ్, ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు ఇద్దరు. రెండోది చిన్నది, క్లాసుకి 14 మందే, పదో తరగతి ఎన్ఐఓఎస్‌లో, అంటే నేషనల్ ఓపెన్ స్కూల్ బోర్డులో రాయిస్తారు.

ఎన్ఐఓఎస్ అనగానే మనవాళ్ల మొహాలు మారిపోతాయి గానీ అదీ సెంట్రల్ గవర్నమెంట్ బోర్డే, ఐదు సబ్జెక్టులు, అందులో ఒక్క భాష ఉంటే చాలు, ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్లలో 9 సార్లు రాసుకోవచ్చు. సీబీఎస్ఈలో కూడా డిస్లెక్సియా సర్టిఫికెట్ ఉంటే పదిలో ఒక్క భాషతో సరిపెట్టుకోవచ్చు, మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట ఇస్తారు, వాడు చెప్తుంటే రాసిపెట్టే మనిషిని (స్క్రైబ్) అడగొచ్చు. అందుకే బోర్డు గురించి మేం పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు.

చిన్న స్కూల్లో ఒకరోజు కూర్చోబెట్టాం. సాయంత్రం ఆటోలో "అమ్మా, ఇవాళ నన్నెవరూ పైకి చదవమనలేదు" అన్నాడు, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడే చేర్పించేద్దామనిపించింది. కానీ ఆరోజు చెప్పిన సైన్స్ పాఠం వీడు ఎప్పుడో దాటేసింది, ల్యాబ్ కూడా లేదు.

పెద్ద స్కూల్లో నేను అడిగింది ఒక్కటే, స్పెషల్ ఎడ్యుకేటర్ విడిగా నేర్పే గదికి, అదే రిసోర్స్ రూమ్‌కి, ఏ పీరియడ్లో తీసుకెళ్తారు అని. సైన్స్, కంప్యూటర్ పీరియడ్లలో అన్నారు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఖాళీగా ఉండేది అప్పుడేనట. వాడు తలెత్తుకుని కూర్చునే పీరియడ్లే అవి, అవి లాగేసుకుని రానిదాన్ని రుద్దితే వాడికి స్కూల్లో ఇంకేం మిగులుతుంది? మీరు ఏ స్కూలు చూసినా ఫీజు కంటే ముందు ఇది అడగండి.

ఇక్కడ కన్నడ తప్పదు, 2015 చట్టం ఉంది, ఇంగ్లీషు ఎలాగూ ఉంటుంది, పైన మూడోది హిందీ. ఇంట్లో తెలుగు. కన్నడ, తెలుగు అక్షరాలు అక్కచెల్లెళ్లలా ఉంటాయి, అది మనకి సులువు గానీ వీడికి అదే తంటా. హిందీ మానిపించి ఆ టైంలో రిసోర్స్ రూమ్‌కి పంపండి అన్నాను. రెండు వారాలు తిప్పారు, చివరికి ఒప్పుకుని ఈమెయిల్ ఇచ్చారు, దాంతో పెద్ద స్కూలే ఖాయం చేశాం. ఒప్పుకోకపోయుంటే చిన్నదాంట్లోనే చేర్చేవాళ్లం. పొద్దున్నే కడుపునొప్పి అని స్కూలుకి వెళ్లనని ఏడ్చే పిల్లలైతే మాత్రం ల్యాబ్ సంగతి తర్వాత, ముందు చిన్న స్కూలే మేలు.

సర్టిఫికెట్ లేకుండా ఇవేవీ గట్టిగా అడగలేం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది, సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాక ఇస్తారు, 14కి మళ్లీ, 18కి మళ్లీ టెస్టులు చేయించాలి.