ఫెయిల్‌టుబ్యాన్‌తో కొన్నేళ్ల కాపురం: ఇంటి సర్వర్‌కు ఇది చాలుతుందా?

ఇంట్లో సర్వర్ పెట్టుకుని, దూరం నుంచి దానిలోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టును బయటికి తెరిచినవాళ్లు, ఎవరెవరు తలుపు తట్టారో రాసే చిట్టాను, అంటే లాగ్‌ను మొదటిసారి చూసినప్పుడు ఉలిక్కిపడతారు. పాలకొల్లులో మా మేడ గదిలో, బియ్యం డబ్బా పక్కన కూర్చున్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ మీద ఖండాంతరాల్లో ఉన్నవాడికి అంత పగ ఏమిటనిపిస్తుంది. పగ ఏమీ లేదు. ఇంటర్నెట్‌లో యంత్రాలను గుర్తించే ఐపీవీ4 చిరునామాలు అన్నీ కలిపినా సుమారు 430 కోట్లు. వాటిని వరసగా తట్టి చూసే యంత్రాలు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. మన వంతు వచ్చినప్పుడు మన తలుపూ తడతాయి, అంతే.

వాటిని తోలడానికి నేను ఫెయిల్‌టుబ్యాన్ పెట్టుకుని కొన్నేళ్లయింది. ఇది ఉచితం, పైథాన్‌లో రాసినది, 2004 నుంచి ఉన్నది. పని సూటిగా ఉంటుంది: లాగ్ చదువుతూ కూర్చుంటుంది, ఒకే చిరునామా నుంచి తప్పు పాస్‌వర్డులు వరసగా పడితే నెట్ రాకపోకలను అదుపు చేసే ఫైర్‌వాల్‌కు చెప్పి ఆ చిరునామాను కొంతసేపు ఆపేయిస్తుంది. ఏమీ మార్చకుండా వదిలేస్తే లెక్క ఇది: 10 నిమిషాల్లో 5 తప్పులు, శిక్ష మరో 10 నిమిషాలు. 10 నిమిషాలు మరీ మెత్తన. నేను ఒక రోజుకు పెంచాను. 0.11 వెర్షన్ నుంచి, మళ్లీ మళ్లీ వచ్చేవాడికి శిక్ష తనంతట తానే పెరిగే ఏర్పాటు కూడా వచ్చింది. దాన్ని తప్పకుండా వాడుకోండి.

ఒక రాత్రి లాగ్ తెరిచి తీరిగ్గా చదివితే ఆ వచ్చేవాళ్ల తెలివి ఏపాటిదో అర్థమవుతుంది. రూట్, అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్... అన్నీ ఊహించి కొట్టే పేర్లే. మధ్యలో 'పై' అనే పేరు మాత్రం తరచుగా కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో 2022 ఏప్రిల్ దాకా ఆ పేరుతో ఒక వాడుకరి ముందుగానే సిద్ధంగా ఉండేవాడు, పాస్‌వర్డ్ 'రాస్ప్‌బెర్రీ'. ఆ తర్వాత తీసేశారు. అయినా పాత మెమరీ కార్డులతో నడుస్తున్నవి ఇంకా ఎన్నో ఉంటాయని ఆ యంత్రాలకు నమ్మకం. మీ ఇంట్లో ఉన్నది పాత పై అయితే ఈ సమీక్ష పక్కన పెట్టి ముందు ఆ పేరు సంగతి చూడండి.

పెట్టుకోవడం సులువే గానీ, ఒక చోట చాలామంది మోసపోతారు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12ను కొత్తగా వేస్తే పాత పద్ధతిలో లాగ్ ఫైలు రాసే ఆర్‌సిస్‌లాగ్ అందులో ఉండదు. లాగ్ అంతా సిస్టమ్‌డీ అనే వ్యవస్థ సొంత చిట్టాలోకి, అంటే జర్నల్‌లోకి పోతుంది. ఫెయిల్‌టుబ్యాన్ మాత్రం లేని ఫైలు కోసం వెతికి, దొరక్క, మొదలవకుండానే ఆగిపోతుంది. ప్యాకేజీ ఎక్కింది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. సెట్టింగుల్లో, లాగ్‌ను ఎక్కడి నుంచి చదవాలో చెప్పే బ్యాకెండ్ అన్న చోట సిస్టమ్‌డీ అని రాస్తే సరిపోతుంది. ఆ మార్పు జైల్ డాట్ కాన్ఫ్‌లో కాకుండా జైల్ డాట్ లోకల్ అనే వేరే ఫైలులో రాసుకోవాలి. లేకపోతే తర్వాతి అప్‌డేట్‌లో చెరిగిపోవచ్చు. ఇల్లలకగానే పండగ కాదు కాబట్టి, ఫెయిల్‌టుబ్యాన్ స్టేటస్ ఒకసారి అడిగి ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు నడిచే ఎస్‌ఎస్‌హెచ్) పేరు కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే లేవండి.

ఇక దీనితో వచ్చిన తలనొప్పి. మా మేనల్లుడికి వీరవాసరం వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. గట్టు మీది షెడ్డు కెమెరా బొమ్మలు, మేత లెక్కలు మా ఇంటి సర్వర్‌లోకే వస్తాయి. తను భీమవరం నుంచి ఫోనులో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా చూసుకుంటాడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆ వేళకు కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే జనరేటర్ వేశారో లేదో చూడకుండా ఉండలేడు. ఒక రాత్రి సరిగ్గా అప్పుడే ఫోను చేశాడు.

"మామయ్యా, సర్వర్ తెరుచుకోవడం లేదు. ఏమైనా చేశారా?"

"నేనేమీ చేయలేదు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టావురా?"

"నిద్రమత్తులో నాలుగైదుసార్లు తప్పు కొట్టినట్టున్నాను."

"అయితే అది నిన్ను దొంగల జాబితాలో వేసింది. రేపటి దాకా తీయదు."

"రేపటి దాకా రొయ్యలు ఆగవు మామయ్యా!"

లేచి, ల్యాప్‌టాప్ తీసి, ఆపేసిన చిరునామాల జాబితాలో అతనిది వెతికి విడిపించాను. విడిపించే కమాండు ఒక్క ముక్కే. కానీ ఆ జాబితాలో ఏది మనవాడిదో కనిపెట్టడమే కష్టం. మొబైల్ నెట్‌వర్కులు ఒకే బయటి చిరునామాను ఎంతోమంది వినియోగదారులకు కలిపి ఇస్తాయి, అదీ మారుతూ ఉంటుంది. ఇంటి స్థిర చిరునామాను 'వీటిని వదిలెయ్' అనే జాబితాలో పెట్టవచ్చు గానీ, ఫోనుది పెట్టలేం. పైగా మేనల్లుడిని ఆపితే, అదే చిరునామా వెనకున్న మా కుటుంబంలోని ఇంకొకరూ ఆగిపోవచ్చు.

ఆ రాత్రి తర్వాత పాస్‌వర్డుతో లోపలికి వచ్చే దారినే మూసేశాను. మేనల్లుడి ఫోనులో పాస్‌వర్డుకు బదులు వాడే డిజిటల్ తాళంచెవి, అంటే ఈడీ25519 రకం కీ తయారు చేసి, దాని పబ్లిక్ భాగాన్ని సర్వర్‌లో పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్‌కు 'నో' అని రాశాను. తెర మీద అప్పటికే లాగిన్ అయి ఉన్న పాత కిటికీ మూయకుండా, రెండో కిటికీలో కీతో లోపలికి వెళ్లగలుగుతున్నానని చూసుకున్నాకే సర్వీసు మళ్లీ మొదలుపెట్టాను. మీరూ అలాగే చేయండి. చెరువు మీద వాలిన కొంగను తోలే మనిషి ఫెయిల్‌టుబ్యాన్ అయితే, చెరువంతా కప్పిన వల ఈ కీ. వల ఉన్నాక తోలే మనిషి అక్కర్లేదని కాదు, కానీ వాడి మీద ఆధారపడనక్కర్లేదు. ఇప్పుడు వస్తున్న దాడులకు వాడు ఎటూ సరిపోడు కూడా. ఒక్కో చిరునామా నుంచి ఒకటో రెండో ప్రయత్నాలు చేసి, తర్వాతిది ఇంకో చోటి నుంచి చేస్తే 5 తప్పుల లెక్క ఎప్పటికీ పూర్తికాదు.

ఈ ప్రోగ్రామ్‌లో నాకు అసలు నచ్చని సంగతి మరొకటి ఉంది. అది విఫలమైన ప్రయత్నాలనే చూపిస్తుంది. విఫలమైనవి ఎన్ని వేలు ఉన్నా వాటి వల్ల మనకు పోయేదేమీ లేదు. చూడవలసింది లాగ్‌లో 'యాక్సెప్టెడ్' (లోపలికి రానిచ్చాం) అని మొదలయ్యే వరస. మనకు తెలియని పేరుతో, తెలియని చిరునామా నుంచి అలాంటిది ఒక్కటి కనిపించినా కథ వేరు. అందుకని లాగిన్ విజయవంతమైన ప్రతిసారీ నా ఫోనుకు టెలిగ్రామ్ సందేశం వచ్చేలా, లాగిన్‌లను సరిచూసే పామ్ (పీఏఎం) అనే భాగంలో చిన్న స్క్రిప్టు తగిలించాను. వేల తిరస్కరణల నివేదిక కంటే ఆ ఒక్క సందేశం నాకు ఎక్కువ ఉపయోగపడింది.

దానితోనూ ఒకసారి గుండె ఝల్లుమంది. గాలివానకు కరెంటు పోయి వచ్చిన మర్నాడు చూస్తే, నా పేరుతోనే రాత్రి రెండు దాటాక లాగిన్ నమోదై ఉంది. ఆ వేళకు నేను నిద్రలో ఉన్నాను. చిరునామా చూస్తే మా ఇంటి వైఫైదే! చివరికి తేలింది ఏమిటంటే, పై 4లో సొంత గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చాక, ఇంటర్నెట్ నుంచి సమయం అందేదాకా చివరగా దాచుకున్న సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. తెల్లారి కరెంటు వచ్చినా ఫైబర్ ఇంకా రాలేదు. ఆ సందులో నేను వైఫై మీద లోపలికి వెళ్లి చూసుకున్నదే రాత్రి సమయంతో నమోదైంది. తుపాన్ల కాలంలో డెల్టాలో ఉండేవాళ్లు అనుమానపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి. బ్యాటరీ ఉన్న గడియారపు ముక్క ఒకటి తగిలిస్తే ఈ గొడవ ఉండదు.

నిజంగానే తెలియనివాడు లోపలికి వచ్చినట్టు తేలితే మాత్రం వాడి చిరునామా ఆపడంతో సరిపెట్టకండి. నెట్ వైరు పీకండి. లోపలికి రానివ్వాల్సిన కీల జాబితా అయిన ఆథరైజ్డ్ కీస్ ఫైలులో మీది కాని కీ ఉందా, వేళకు పనులు నడిపే క్రాన్‌లో కొత్త పని ఏమైనా చేరిందా చూడండి. తర్వాత ఫైళ్లు మాత్రం బయటికి తీసుకుని, కార్డు మీద వ్యవస్థను మొదటి నుంచి వేయండి. శుభ్రం చేశాను కదా అని పాతదే వాడటం నాకు సమ్మతం కాదు.

పోర్టు మార్చడం గురించి అందరూ అడుగుతారు. ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే 22 బదులు వేరే అంకె పెడితే లాగ్‌లో రొద తగ్గుతుంది, భద్రత పెరగదు. కానీ మారిస్తే ఫెయిల్‌టుబ్యాన్ సెట్టింగుల్లోనూ ఆ అంకె రాయాలి. లేకపోతే అది నిక్కచ్చిగా 22నే మూస్తుంది, వచ్చేవాడు కొత్త పోర్టులో దర్జాగా కొడుతూనే ఉంటాడు. లాగ్‌లో ఒకే చిరునామాకు 'ఇప్పటికే ఆపేశాం' అన్న మాట పదేపదే వస్తుంటే రోగం ఇదే అయ్యుండవచ్చు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8తో, అంటే 2024 జూలైలో, తప్పులు చేసే చిరునామాలను కాసేపు దూరం పెట్టే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్‌లోకే వచ్చేసింది. అంటే ఒక్క ఎస్‌ఎస్‌హెచ్ కోసమే అయితే ఫెయిల్‌టుబ్యాన్ అవసరం సగం తగ్గినట్టే. నేనైతే ఇంకో అడుగు వేసి, ఎస్‌ఎస్‌హెచ్ పోర్టును రౌటర్‌లో బయటికి మూసేసి, ఇంటి నెట్‌వర్కులోకి రహస్య దారి వేసే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టాను. ఇది 2020లో లినక్స్ 5.6తో దాని మూలభాగమైన కెర్నెల్‌లోకే వచ్చింది. సరైన కీ లేనివాడు తడితే అసలు బదులే ఇవ్వదు, కాబట్టి అక్కడ తలుపు ఉన్నట్టే వాడికి తెలియదు. మేనల్లుడి ఫోనులో ఒక మీట నొక్కితే చాలు, పాస్‌వర్డ్ కొట్టే పనే లేదు. మీ ఇంటి ఇంటర్నెట్ సంస్థ రౌటర్‌కు 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా ఇస్తుంటే మీరు ఉమ్మడి చిరునామా వెనక ఉన్నట్టు. అప్పుడు బయటి నుంచి రావడానికి స్థిర చిరునామా అడిగి తీసుకోవాలి. నేను నెలనెలా కొంత కట్టి తీసుకున్నది అదే.

అయినా ఫెయిల్‌టుబ్యాన్‌ను తీసేయలేదు. హైదరాబాద్‌లోని పిల్లలు, అమెరికాలోని చెల్లెలు చూసే ఫోటోల పేజీ బయటికి తెరిచే ఉంది. వాళ్లందరి చేత వైర్‌గార్డ్ పెట్టించడం నా వల్ల కాదు. ఆ పేజీ, ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో నడుస్తుంది. డాకర్ తెరిచిన పోర్టులకు ఫైర్‌వాల్‌లోని మామూలు ఇన్‌పుట్ నియమాలు వర్తించవు, నిషేధాన్ని డాకర్ యూజర్ అనే వరసలో వేయించాలి. పత్రాల్లో అది వెతికి పట్టుకోవడానికి ఒక ఆదివారం పోయింది. ఎస్‌ఎస్‌హెచ్ కోసం అయిదుకు మూడు ఇస్తాను, ఇలాంటి వెబ్ పేజీల కోసం నాలుగు.