ట్రెవితిక్, స్టీఫెన్‌సన్: ఎవరి దారి మేలు?

ఆవిరి రైలింజను ఎవరిదంటే చాలామంది నోట జార్జ్ స్టీఫెన్‌సన్ పేరే వస్తుంది. ఆయన తొలి ఇంజను కదిలింది 1814లో. అంతకు పదేళ్ల ముందే, 1804 ఫిబ్రవరి 21న, వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కార్ఖానా దగ్గర రిచర్డ్ ట్రెవితిక్ ఇంజను 10 టన్నుల ఇనుమునూ 70 మందినీ లాక్కుంటూ తొమ్మిది మైళ్లు పోయింది.

తెగువలో ట్రెవితిక్‌దే పైచేయి. ఎక్కువ ఒత్తిడి ఆవిరి ప్రాణాంతకమని జేమ్స్ వాట్ వద్దంటే, ఈయన దాన్నే పట్టుకున్నాడు. ఇంజను చక్రాలకెక్కేంత చిన్నదైంది అందువల్లే. వాడేసిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలితే మంట బాగా రాజుకుంటుందని గమనించిందీ ఆయనే. ఇంత బుర్ర ఉన్నవాడికి దక్కాల్సిన పేరు దక్కలేదని నాకు ఇప్పటికీ బాధే.

కానీ పెనిడారెన్‌లో ఇంజను బరువుకు పోత ఇనుప పట్టాలు విరిగాయి. 1808లో లండన్‌లో టికెట్టు పెట్టి గుండ్రటి దారిలో ఇంజను తిప్పినప్పుడూ విరిగాయి. ట్రెవితిక్ ఆ చిక్కు తేల్చకుండానే రైలింజన్లు వదిలేశాడు. 1816లో పెరూ వెండి గనులకు ఓడెక్కాడు.

స్టీఫెన్‌సన్ పద్దెనిమిదేళ్లొచ్చేదాకా చదవడం రాని గని కూలీ. ఆయన ఇంజనుతో పాటు పట్టానూ పట్టించుకున్నాడు. పోత ఇనుప పట్టాల పేటెంటులో తనకే వాటా ఉంది. అయినా ఇంగ్లండ్‌లోని స్టాక్‌టన్–డార్లింగ్టన్ రైలు దారిలో ఎక్కువ భాగానికి, జాన్ బర్కిన్‌షా అనే ఆయన రూపొందించిన, పోత పోయకుండా సాగదీసిన ఇనుప పట్టాలే మేలన్నాడు, సొంత రాబడి పోతుందని తెలిసీ. 1825 సెప్టెంబర్ 27న ఆ దారి మొదలైంది. 1829లో రెయిన్‌హిల్‌లో జరిగిన రైలింజన్ల పోటీ గెలిచిన ‘రాకెట్’ అనే ఇంజనులో కొడుకు రాబర్ట్ పనితనమే ఎక్కువ. జార్జ్ వాడిన 4 అడుగుల 8½ అంగుళాల పట్టాల మధ్య వెడల్పే హైదరాబాద్ మెట్రోలోనూ ఉంది.

ఇంజను వరకే అడిగితే ట్రెవితిక్ అంటాను. నమ్మి పదిమంది ఎక్కే బండి కావాలంటే మాత్రం స్టీఫెన్‌సన్ దారే మేలు. రైలు అని మనం బండిని పిలుస్తున్నాం గానీ ఆ మాట అసలు పట్టాది.

1827లో కొలంబియా రేవు కార్తహేనాలో, చేతిలో చిల్లిగవ్వ లేని ట్రెవితిక్‌కు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఎదురయ్యాడు. ఇంటికి వెళ్లే ఓడ ఖర్చుకు 50 పౌండ్లు ఇచ్చింది ఆ కుర్రవాడే.