మిర్చి ఘాటుకు స్టీమ్ షవర్ బాగానే ఉంది, బోరు నీళ్లతోనే గొడవంతా

షోరూమ్‌లో అద్దం మందం చెప్తారు, లైట్లు ఎన్ని రంగులు మారతాయో చెప్తారు, పాటలు వినడానికి స్పీకర్ కూడా ఉందని చెప్తారు. నీళ్ల గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. మా ఇంట్లో స్టీమ్ షవర్ (మెషీన్ నీళ్లు మరిగించి ఆవిరి నింపే అద్దాల స్నానాల గది) పెట్టించి కొన్నేళ్లయింది, ఇప్పుడు ఎవరైనా "ఎలా ఉంది, తీసుకోవచ్చా?" అని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: మీ ఇంటికొచ్చేది కృష్ణా కుళాయి నీళ్లా, బోరు నీళ్లా?

నాకు ఇది ఎందుకు అవసరమైందో చెప్తా. నాది మిర్చి యార్డులో కమిషన్ కొట్లో లెక్కల పని. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటే ఆ ఘాటు గొంతులో కూర్చుంటుంది, తుమ్ములు సరేసరి. ఇంటికొస్తే రాత్రంతా ఏసీ. ఏసీ గదిలో తేమ లాగేస్తుంది కాబట్టి తెల్లారేసరికి ముక్కు లోపల పొక్కు కట్టి, గొంతు గరగరమంటూ ఉండేది. ఆవిరి గదిలో వేడి 45 డిగ్రీల దగ్గరే ఉంటుంది, తేమ మాత్రం దాదాపు 100 శాతం ఉంటుంది (సౌనా వేరు, అది 80 డిగ్రీల పొడి వేడి, మనవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు). పది నిమిషాలు కూర్చుంటే ముక్కు తెరుచుకుంటుంది, గొంతులో పట్టినది కరిగి బయటికొస్తుంది. యార్డు నుంచి వచ్చి దాంట్లో కూర్చున్న మొదటి వారం ఇంట్లో అందరికీ దీని గురించే చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ హాయి ఒకటి రెండు గంటలే ఉంటుంది, మళ్లీ ఏసీలో పడుకుంటే మళ్లీ అదే కథ. ముక్కు వరకే అయితే 2021లో అందరం గిన్నెలో నీళ్లు మరగబెట్టి దుప్పటి కప్పుకుని పట్టాం చూడండి, ఆ ఆవిరి కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. కాకపోతే మెడ వంచుకుని కూర్చోనక్కర్లేదు, పిల్లలున్న ఇంట్లో మరిగే గిన్నె ఒలుకుతుందన్న భయం లేదు.

చర్మం సంగతీ అంతే. చలికాలంలో కాళ్ల మీద గోటితో గీస్తే తెల్లగా చార పడేది. ఆవిరి పెట్టాక తగ్గిందని చాలా రోజులు సంబరపడ్డాను. తీరా చూస్తే, బయటికొచ్చి ఒళ్లు తడి తడిగా ఉండగానే కొబ్బరి నూనె రాసుకున్న రోజే తేడా ఉంటోంది, ఊరికే తుడుచుకుని వచ్చేస్తే అరగంటకి మళ్లీ అదే చార. మెచ్చుకోవాల్సింది ఆవిరినో నూనెనో మీరే తేల్చుకోండి.

ఇంకో మాట. దీన్ని పొగిడే వీడియోలు ఎక్కువగా అరిజోనా లాంటి ఎడారి ఊళ్ల వాళ్లవి. అక్కడ గాలిలో తేమే ఉండదు, వాళ్లకి ఏడాదంతా పనికొస్తుంది. మనకి పొడి గాలి అంటే రోహిణి కార్తె ముందూ వెనకా పడమటి గాలి కొట్టే కొన్ని వారాలు, చలికాలం పొద్దుటి పూట, ఇక ఏసీ గదులు. ఆగస్టు ఉక్కపోతలో డబ్బులిచ్చి మరీ చెమట పట్టించుకోవాలా? ఆ నెలల్లో మా ఇంట్లో అది బట్టలు ఆరేసుకునే గది.

అసలు గొడవకి వస్తా. పోయిన సీజన్‌లో, యార్డుకి సరుకు ముంచెత్తుతున్న రోజుల్లో, స్టీమ్ ఆన్ చేసిన కాసేపటికి ఇల్లంతా కరెంటు పోవడం మొదలైంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోంది. మళ్లీ లేపితే మళ్లీ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగ్ మీద అనుమానపడ్డాడు. 4.5 కిలోవాట్ల మెషీన్ దాదాపు 20 ఆంపియర్లు లాగుతుందని మొదట్లోనే విడిగా 32 ఆంపియర్ల ఎంసీబీ, లావు వైరు వేయించాం, అక్కడ ఏ లోపమూ లేదు. చివరికి హీటింగ్ ఎలిమెంట్ వైర్లు విప్పి చూస్తే ట్రిప్ అవ్వడం ఆగింది. "సార్, ఎలిమెంట్ పోయింది" అన్నాడు.

పెట్టె విప్పితే ఎలిమెంట్ కనపడలేదు. దాని చుట్టూ పాత గోడ నుంచి ఊడిన సున్నం పెచ్చుల్లా తెల్లటి పొర, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ముక్కలు ముక్కలుగా రాలింది. లోపల ఎలిమెంట్ పైగొట్టం పగిలి ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే, గట్టి నీళ్ల (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు) వల్ల పోతే వారంటీ వర్తించదు, కార్డు వెనక రాసి ఉంది చూడండి అన్నారు. నిజమే, భూతద్దం పెడితే కనిపిస్తుంది.

గీజర్ ఏళ్ల తరబడి ఇవే బోరు నీళ్లతో నడుస్తోంది, దీనికేం వచ్చింది అని నా అనుమానం. ఎలక్ట్రీషియనే విడమర్చి చెప్పాడు. గీజర్‌లో కాగిన నీళ్లు బయటికి పోతాయి, కాబట్టి ఉప్పులో ఎక్కువ భాగం వాటితోపాటే పోతుంది. ఇందులో పోయేది ఆవిరే, కాల్షియం, మెగ్నీషియం అన్నీ లోపలే మిగులుతాయి. వాడినకొద్దీ చిక్కబడి, వేడికి ఎలిమెంట్ మీద రాయి కడతాయి. మిగిలిన నీళ్లని దానంతటదే బయటికి వదిలేసే ఆటో డ్రెయిన్ ఉందిగా అంటే, ఆ వాల్వ్‌లోనే ఒక పెచ్చు అడ్డం పడి అది ఎప్పటినుంచో సరిగ్గా మూసుకోవడమూ లేదు, తెరుచుకోవడమూ లేదు. "ఆటో డ్రెయిన్ ఉంది సార్, మెయింటెనెన్స్ నిల్" అని అమ్మినాయన మాట నేను ఇంకా మర్చిపోలేదు. తాగే నీళ్లకి కాఠిన్యం (నీళ్ల గట్టితనం) లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని మన దేశపు ప్రమాణం. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఆ 600 కూడా దాటాయి.

కొత్త ఎలిమెంట్ వేయించాక మా బామ్మర్ది ఒక ఉపాయం చెప్పాడు: "బావా, ఆర్‌ఓ నీళ్లు పోసేయ్, పీడా పోతుంది." క్యాన్ తెచ్చి పోశాం. ట్యాంకు నిండా నీళ్లున్నా మెషీన్ నీళ్లు లేవని కూత పెడుతుంది! ఇందులో నీటి మట్టం కనిపెట్టే కడ్డీ నీళ్లలో కరెంటు పారితేనే నీళ్లున్నట్టు లెక్క వేసుకుంటుంది. ఉప్పు మరీ తీసేసిన నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు. కొంచెం కుళాయి నీళ్లు కలిపితే కూత ఆగింది. కానీ రోజూ క్యాన్లు ఎత్తిపోసుకుంటూ ఎవరుంటారు?

ఇప్పుడు మేడ మీద చిన్న డ్రమ్ము విడిగా పెట్టించి, మున్సిపల్ కుళాయి నీళ్లు మాత్రమే అందులోకి ఎక్కించి, అక్కడినుంచి మెషీన్‌కి లైను వేయించా. కుళాయి రాని రోజు ఆవిరి లేదు. దానికి తోడు నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి ఉంచితే లోపల బుస్సుమని పొంగి పట్టినదంతా వదులుతుంది, తర్వాత రెండు మూడుసార్లు కడిగి పారబోయాలి. అప్పటినుంచి ట్రిప్ అవ్వలేదు, ఇంతవరకూ.

కరెంటు బిల్లు గురించి మాత్రం అనవసరంగా భయపెట్టారు. ఇరవై నిమిషాలకి యూనిట్‌న్నర. ఆవిరి మూతి కాలి దగ్గర ఉంటుంది, అక్కడ ఆవిరి మరిగే నీళ్లంత వేడి, అమ్మకి ఒకసారి పిక్క చురుక్కుమంది. అమ్మకి మోకాళ్లు తేలికపడుతున్నాయి అంటుంది, బీపీ ఉంది కాబట్టి డాక్టర్ని అడిగాకే, అదీ ఐదారు నిమిషాలే కూర్చోబెడుతున్నాం.

విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉండే మా చెల్లి తనూ పెట్టించుకుంటానంటే వద్దన్నాను. వాళ్లకి బోరు, ట్యాంకరు, కుళాయి అన్నీ ఒకే సంపులో కలుస్తాయి, విడిగా లైను వేసుకోనివ్వరు. నాది సొంత ఇల్లు, ఘాటులో పని, వాకిట్లో కృష్ణా కుళాయి, కాబట్టి నాకు గిట్టుబాటయింది. వీటిలో ఏది లేకపోయినా నేనే కొనేవాణ్ణి కాదేమో. డ్రమ్ము తీసేసి సాఫ్ట్‌నర్ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం తీసేసే పరికరం, దానికి అప్పుడప్పుడు ఉప్పు పోయాలి) పెడదామని చూస్తున్నా. బోరు నీళ్లకి సాఫ్ట్‌నర్ పెట్టి స్టీమ్ నడుపుతున్న వాళ్లు మన వైపు ఎవరైనా ఉంటే, ఉప్పు ఎన్నాళ్లకి పోస్తున్నారో, ఎలిమెంట్ ఒకసారి విప్పి చూశారో లేదో రాయండి.