ప్రీమెడ్ కాలేజీలు చూడ్డానికి వెళ్లి: ఆ 90 శాతం లెక్క సంగతి

మెడికల్ స్కూలుకి వెళ్లాలని డిగ్రీలో చేసే చదువుని ఇక్కడ అమెరికాలో ప్రీమెడ్ అంటారు. మా దగ్గర్నుంచి అప్లై చేసినవాళ్లలో 90 శాతం మందికి మెడికల్ సీట్లొచ్చాయని ఒక కాలేజీ వాళ్లు చెప్పిన ముక్క నమ్మి, మేం ఎర్లీ డెసిషన్‌కి సంతకం పెట్టబోయాం. అక్కడ సీటిస్తే ఇక వేరే కాలేజీ వైపు చూడకూడదన్న ఒప్పందం అది. ఇంకెవరూ అలా ఇరుక్కోకూడదని ఇది రాస్తున్నాను.

మేముండేది ఒహాయోలోని మేసన్‌లో. అక్టోబర్‌లో రెండు రోజులు సెలవు పెట్టి, పన్నెండో క్లాసు చదువుతున్న అమ్మాయితో మూడు కాలేజీలు చూసొచ్చాం. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు కూడా బయల్దేరారు. "ఇంటర్ అవగానే ఎంబీబీఎస్‌లో చేరడం ఇక్కడ కుదరదా బాబూ?" అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు. డిగ్రీ, మెడిసిన్ రెండూ కలిపి ఇచ్చే ప్రోగ్రాములు కొన్ని ఉన్నా సీట్లు చాలా తక్కువ. మిగతావాళ్లందరికీ నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ అనే మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష, ఆపైన నాలుగేళ్ల మెడికల్ స్కూలు.

గురువారం కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ. 60 వేల మంది చదివే చోటు. కెమిస్ట్రీ క్లాసులో వెనక వరసలో కూర్చుంటే ముందున్న ప్రొఫెసర్ ముఖం సరిగా కనపడలేదు. క్లాసయ్యాక ఆయన దగ్గర 11 మంది లైను. మా అమ్మాయి ముఖం వాడిపోయింది. కానీ బయటికొచ్చి కాస్త నడిస్తే అదే క్యాంపస్‌లో వెక్స్‌నర్ మెడికల్ సెంటర్, జేమ్స్ క్యాన్సర్ హాస్పిటల్. వాలంటీరింగ్‌కైనా, రీసెర్చ్ ల్యాబ్‌కైనా నడిచే వెళ్లొచ్చు. ఒహాయో వాళ్లకి అన్నీ కలిపి ఏడాదికి 30 వేల డాలర్లు అటూ ఇటూ. ముందుముందు మెడికల్ స్కూలు అప్పు కూడా ఉందన్నది మర్చిపోకండి.

శుక్రవారం పొద్దున వెళ్లిన రెండో కాలేజీయే ఆ 90 శాతం కాలేజీ. చిన్నది, అందమైనది. "మా దగ్గర్నుంచి అప్లై చేసినవాళ్లలో 90 శాతం మందికి మెడికల్ సీట్లొచ్చాయి" అన్నారు స్లయిడ్ చూపిస్తూ. దేశం మొత్తం మీద ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది సుమారు 23 వేల మంది. అలాంటిది 90 అంటే ఎవరికి ఆశ పుట్టదు? మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొదట ఎంతమంది ప్రీమెడ్ అనుకుని చేరారని నేను అడిగితే, "ఆ వివరాలు తర్వాత మాట్లాడదాం" అని పక్క స్లయిడ్‌కి వెళ్లిపోయారు.

అసలు సంగతి క్యాంపస్ చూపించిన స్టూడెంట్ అమ్మాయి చెప్పింది. అక్కడ మెడికల్ స్కూళ్లకి కాలేజీ తరఫున కమిటీ లెటర్ అని ఒక సిఫార్సు లేఖ ఇస్తారు. గ్రేడ్లు కాస్త తగ్గినవాళ్లకి ఆ లెటర్ రాయరు, ఈ ఏడు ఆగమంటారు. తన రూమ్మేట్‌కి అలాగే జరిగిందట. గట్టివాళ్లనే పంపితే 90 రాక ఏమవుతుంది? మధ్యలో రాలిపోయిన పిల్లలు ఏ లెక్కలోనూ లేరు. నా కూతురు ఆ లెక్కలో లేకుండా పోతే అన్న ఆలోచనకే కడుపులో దేవేసినట్టయింది. కార్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు పులిహోర డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశారు.

మధ్యాహ్నం గ్రాన్‌విల్‌లో డెనిసన్. కొండ మీది కాలేజీ, అత్తగారి మోకాళ్లకి కష్టమే. ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసులో 19 మంది. చూడ్డానికొచ్చిన మా అమ్మాయి పేరడిగి, ప్రొఫెసర్ చాక్‌పీస్ చేతికిచ్చారు. బోర్డు మీది బొమ్మలో ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణం గియ్యమన్నారు. మా అమ్మాయి తప్పు వైపు గీసింది. ఆయన చెరపలేదు. "అటే వెళ్తే ఈ కార్బన్‌కి ఎన్ని బాండ్లవుతాయి?" అన్నారు. అది వేళ్ల మీద లెక్కపెట్టుకుంది, అయిదు. కార్బన్‌కి నాలుగు మించకూడదు. తనే చెరిపి, తిప్పి గీసింది. ఇంటికొచ్చేదాకా ఆ బాణం గురించే మాట్లాడింది. ఖర్చు మాత్రం ఏడాదికి 80 వేల డాలర్ల పైమాటే. ఫీజులో సాయం (ఎయిడ్) ఎంతిస్తారో చూడకుండా మాటివ్వద్దు.

మీరు పెద్దదానికి వెళ్లినా చిన్నదానికి వెళ్లినా శాతం అడక్కండి. మొదటి ఏడు ప్రీమెడ్ అన్నవాళ్లెందరు, కమిటీ ఎందరికి లెటర్ ఇచ్చింది, ఎందరు చేరారు, ఈ మూడు అంకెలూ అడగండి.

మా అమ్మాయి ఒహాయో స్టేట్‌కి నవంబర్ 1 లోపు ఎర్లీ యాక్షన్‌లో అప్లై చేసింది, అందులో కట్టుబాటు లేదు. డెనిసన్‌కి మామూలు గడువులో, రెగ్యులర్‌లో వేస్తోంది. ఈ మూడు ప్రశ్నలతో ఆ రెండో కాలేజీకి మా అమ్మాయే మెయిల్ పెట్టింది. మూడు వారాలైంది, జవాబు రాలేదు.