టర్బోనా, సూపర్‌చార్జరా: రెండూ నడిపిన హనుమకొండ వాడి మాట

ఏడేళ్ల కింద 1.2 లీటర్ టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొత్తది కొన్నాను. 86 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మధ్యలో మనసాగక హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత జర్మన్ సెడాన్ తెచ్చుకున్నాను. సూపర్‌చార్జర్ ఉన్న 1.8 లీటర్ ఇంజిన్. రెండున్నరేళ్లలో 19 వేలు నడిపి అమ్మేశాను.

రెండూ చేసే పని ఒకటే. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపుతాయి, గాలి పెరిగితే పెట్రోలు కూడా ఎక్కువ మండించొచ్చు. టర్బో ఆ పనికి సైలెన్సర్ గుండా ఊరికే పోయే వేడి పొగను వాడుకుంటుంది. సూపర్‌చార్జర్‌ను ఇంజినే బెల్టుతో తిప్పాలి. మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

ములుగు దాటి తాడ్వాయి వైపు పోతుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. ముందు వడ్ల బస్తాల ట్రాక్టర్, ఎదురుగా కొంచెం ఖాళీ. టర్బో బండి మూడో గేరులో, 1,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఉంది. తొక్కితే ముందు ఏమీ జరగదు. పొగ ఒత్తిడి పెరిగి, అది తిప్పే చక్రం, అంటే టర్బైన్, వేగం అందుకున్నాక ఒక్కసారిగా వీపు మీద చరిచినట్టు లాగుతుంది. అప్పటికి ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చేసి ఉంటుంది! మొదటి ఏడాది రెండుసార్లు బ్రేకు కొట్టి వెనక్కి తగ్గాను. తర్వాత అలవాటైంది, ముందే రెండో గేరుకు దించి 2,500 దగ్గర ఉంచుతాను. సెడాన్‌తో ఆ లెక్కలే లేవు. కాలు కదిలితే బండి కదిలేది. పైగా సన్నటి ఈల. మా ఇంట్లో దాని పేరు 'గిర్ని (పిండి మర) బండి'.

పికప్ ఒక్కటే చూస్తే నా ఓటు సూపర్‌చార్జర్‌కే.

కానీ హైదరాబాద్ రోడ్డెక్కితే కథ మారుతుంది. నాలుగు లైన్ల మీద 90లో పోతే టర్బో నాకు లీటరుకు 16, 17 ఇచ్చింది. సెడాన్ 11 దాటలేదు. అది పెద్ద బండి, పాత బండి కూడా, కాబట్టి తప్పంతా సూపర్‌చార్జర్‌దే అనను. అయినా బెల్టు తిప్పడానికి ఇంజిన్ తన బలంలో కొంత ఇవ్వక తప్పదు కదా.

ఎండాకాలం రెండింటికీ శిక్షే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. మే నెలలో కాజీపేట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దానికి తగిలేదీ వేడి గాలే. ఆ వేడికి పెట్రోలు దానంతటదే అంటుకుని ఇంజిన్ కొట్టుకోకుండా కంప్యూటర్ స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తుంది, బండి బద్ధకంగా మారుతుంది.

రిపేర్లకొస్తే, టర్బో ఒక్కసారి సతాయించింది. తొక్కితే బుస్సుమనే చప్పుడు, పికప్ సున్నా. ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులైంది. 150 రూపాయలతో తీరింది. ఆయిల్ మాత్రం 7,500 కిలోమీటర్లకే మార్పిస్తాను, ఫుల్ సింథటిక్. లాంగ్ డ్రైవ్ నుంచి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపుతాను. లక్ష ఆర్‌పీఎం పైన తిరిగే షాఫ్టు, దాని బేరింగుల్లో ఆయిల్ మాడితే ఖర్చు వేలల్లో ఉండదు.

సెడాన్‌కు జనగామ దగ్గర బెల్టు తెగింది. నా బండిలో సూపర్‌చార్జర్, ఆల్టర్నేటర్, వాటర్ పంపు, స్టీరింగ్ పంపు అన్నీ ఆ ఒక్క బెల్టు మీదే. స్టీరింగ్ బండరాయైంది, టెంపరేచర్ ముల్లు లేచింది, టెన్షన్‌తో పక్కకు ఆపేశాను. ఆ తర్వాత గిర్ని ఈలలో గరగర మొదలైంది. మా ఆటోనగర్ మెకానిక్ చెవి పెట్టి విన్నాడు. "బేరింగ్ పోయిందన్నా. గిది మన దగ్గర కాదు, హైదరాబాద్ పోవాలె" అన్నాడు. పోయాను. మూడు వారాలు అక్కడే ఉంది.

వరంగల్‌లో ఉంటూ రోజూ నడపడానికైతే టర్బోనే తీసుకోండి. ఇంకో బండి ఇంట్లో ఉండి, ఆదివారం పొద్దున లక్నవరం దాకా పోయొచ్చే సరదాకైతే సూపర్‌చార్జర్. మా బామ్మర్ది ఇప్పుడు నా టర్బోకు రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచడం) చేయిద్దామని వెంట పడుతున్నాడు. బూస్ట్, అంటే గాలిని నొక్కే ఒత్తిడి, పెంచితే ముందు క్లచ్ ఎంతవరకు ఆగుతుందో చూడమన్నాను. క్లచ్ ధర విన్నాక రెండు వారాలుగా ఫోన్ లేదు.